కండరం వేగాన్ని కొలిచిన హిల్

మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే ఈ దృశ్యం మీకు తెలిసే ఉంటుంది. అబ్బాయి కబడ్డీ కోసమో, అమ్మాయి వాలీబాల్ కోసమో జిమ్‌లో బస్కీలు తీస్తుంటారు. భుజాల మీద బార్‌బెల్ ఉంటుంది. గోడకు అంటించిన కాగితం మీద ఈ రోజు 60 కిలోలు, 8 సార్లు, 4 సెట్లు అని రాసి ఉంటుంది. రాత్రంతా పరీక్షకు చదివి నిద్ర చాల్లేదని గానీ, పొద్దున టిఫిన్ మానేశారని గానీ ఆ కాగితానికి తెలియదు. మొదటిసారి చకచకా పైకి లేస్తారు. అయిదోసారికి బార్ నెమ్మదిస్తుంది. ఏడోసారికి మోకాళ్లు వణుకుతాయి. అయినా కాగితం మీద 8 అని ఉంది కాబట్టి ఎనిమిదోది కూడా లాగించేస్తారు.

ఆ నెమ్మదించడంలోనే అసలు కబురు ఉంది. బరువు మారలేదు, మనిషి మారలేదు, ప్రయత్నంలోనూ లోపం లేదు. అయినా వేగం తగ్గిందంటే కండరం అలసిపోయిందన్నమాట. అందుకే ఇప్పుడు చాలామంది కోచ్‌లు బార్‌కు సన్నని తీగ ఉన్న పరికరాన్నో, చిన్న సెన్సర్‌నో తగిలించి, అది సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పైకి లేస్తోందో చూస్తున్నారు. ఎంత బరువు పెట్టాలో, సెట్ ఎక్కడ ఆపాలో ఆ వేగాన్ని బట్టే నిర్ణయిస్తున్నారు. దీన్ని వేగం ఆధారిత శిక్షణ అంటున్నారు.

పరికరాలు కొత్తవే గానీ, బరువుకూ వేగానికీ ఉన్న లంకె పాతదే. దాన్ని సమీకరణంగా రాసి చూపిన శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్. ఆర్చిబాల్డ్ అన్న పేరు ఆయనకు నచ్చేది కాదు. అందరూ ఎ.వి. అనే పిలిచేవారు. ఆయన నోబెల్ గ్రహీత. అంతటి మనిషి తన సిద్ధాంతం తప్పని తన ప్రయోగశాలలోనే తేలితే ఏం చేశారన్నది మీరు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. మీ పిల్లల వ్యాయామానికీ దానికీ సంబంధం ఉంది.

ర్యాంకర్ దారి మళ్లాడు

హిల్ 1886 సెప్టెంబరు 26న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టారు. తండ్రి కలప వ్యాపారి. హిల్‌కు మూడేళ్లప్పుడే ఆయన కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయారు. హిల్‌నూ చెల్లెలినీ తల్లి ఒక్కరే పెంచారు. మొదట్లో అక్షరాలు నేర్పింది కూడా ఆమే. డబ్బుకు ఇబ్బంది ఉన్నా చదువుకు లోటు రానివ్వలేదు. కుర్రాడు స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. 1907లో అక్కడి గణితం ఆనర్స్ పరీక్షలో మూడో స్థానం సాధించాడు.

ఆ ర్యాంకు వచ్చిన పిల్లవాడు లెక్కలు వదిలేసి కప్పల కండరాల మీద పని చేస్తానంటే మన ఇళ్లలో ఏమంటారో ఊహించుకోండి. హిల్ అదే చేశారు. ట్రినిటీలోని గురువు వాల్టర్ ఫ్లెచర్ ప్రోత్సాహంతో శరీరధర్మశాస్త్రం వైపు మళ్లారు. 1909లో పరిశోధన మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఎలా పట్టుకుంటుందో చెప్పే సమీకరణం రాశారు. ఈనాటికీ మందుల మోతాదు ప్రభావాన్ని లెక్కగట్టేవారు దాన్ని వాడుతూనే ఉన్నారు.

ఆయన మనసు పడింది మాత్రం కండరం మీద. కారణం చదువు ఒక్కటే కాదు, పరుగు కూడా. హిల్ మంచి రన్నర్. పెద్దయ్యాక కూడా పొద్దున్నే పరుగెత్తడం మానలేదు. పరుగెత్తాక ఆయాసం ఎందుకు వస్తుంది, కాళ్లు ఎందుకు బిగుసుకుంటాయి, ఎంత కష్టపడ్డా ఒక హద్దు దాటి వేగం ఎందుకు పెరగదు... ఆటలాడే ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహాలే ఆయనకూ వచ్చాయి. తేడా ఏమిటంటే, ఆయన వాటిని కొలవడానికి కూర్చున్నారు.

డిగ్రీలో వేల వంతు

కండరం పనిచేస్తే వేడి పుడుతుంది. వేగంగా మెట్లెక్కితే మీ ఒంటికి చెమట పట్టేది అందుకే. కానీ కప్ప తొడలోని సన్నని కండరం ఒక్కసారి ముడుచుకున్నప్పుడు పుట్టే వేడి డిగ్రీలో కొన్ని వేల వంతులు మాత్రమే. అది కూడా క్షణంలో వచ్చి పోతుంది. దాన్ని పట్టుకోవడానికి హిల్ ఏళ్ల తరబడి పరికరాలను మెరుగుపరుస్తూ వెళ్లారు.

అలా కొలిస్తే తేలింది ఏమిటంటే, వేడి రెండు విడతల్లో వస్తోంది. కండరం ముడుచుకున్నప్పుడు ఒకసారి, ఆ తర్వాత అది కోలుకునేటప్పుడు నిదానంగా మరోసారి. మొదటి విడతకు ఆక్సిజన్ అవసరం లేదు. రెండోదానికి కావాలి. అంటే కండరం ముందు పని చేసేసి, ఆక్సిజన్‌తో లెక్క తర్వాత చూసుకుంటోంది. ఈ పనికే 1922 సంవత్సరపు వైద్య నోబెల్ దక్కింది. జర్మనీకి చెందిన ఒట్టో మేయర్‌హోఫ్‌తో కలిసి దాన్ని అందుకున్నారు.

అప్పటికి ఆయన మాంచెస్టర్‌లో ప్రొఫెసర్. సహచరుడు లప్టన్‌తో కలిసి మనుషుల మీదా ప్రయోగాలు చేశారు. పచ్చిక మీద చిన్న ట్రాక్, వీపుకు గాలి సంచి, నోట్లో గొట్టం... పరుగెత్తిన వారిలో హిల్ కూడా ఒకరు. వదిలిన గాలిని సంచిలో పట్టి, ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో లెక్కగట్టేవారు. వేగం పెంచుతూ పోతే ఒక దశ దాటాక ఆక్సిజన్ వాడకం ఇక పెరగదని గమనించారు. మీ చేతి స్మార్ట్‌వాచ్‌లో కనిపించే వీఓ2 మ్యాక్స్ అనే అంకెకు మూలం ఆ పచ్చిక మీది పరుగే. పరుగు ఆపాక కూడా కాసేపు రొప్పుతూ ఉండటాన్ని ఆయన ఆక్సిజన్ బాకీ అన్నారు. కిరాణా కొట్లో ఖాతా రాయించుకుని నెలాఖరున తీర్చినట్టన్నమాట.

ఇనుప చక్రం పరీక్ష

1922లోనే హిల్ మరో ప్రయోగం ప్రచురించారు. ఇది నేటి జిమ్‌కు బాగా దగ్గరిది. బరువైన చక్రం ఒకటి, దానికి చిన్నా పెద్దా కప్పీలు. కప్పీకి చుట్టిన తాడును మోచేయి మడుస్తూ శక్తికొద్దీ లాగాలి. కప్పీ మారితే చక్రం బరువెక్కినట్టో, తేలికైనట్టో అనిపిస్తుంది. ప్రతిసారీ మనిషి పెట్టే ప్రయత్నం మాత్రం పూర్తిగా ఉండాలి.

బరువుగా ఉన్నప్పుడు చెయ్యి నెమ్మదిగా కదిలింది, కానీ ఎక్కువ పని జరిగింది. తేలికగా ఉన్నప్పుడు చెయ్యి వేగంగా కదిలింది, జరిగిన పని తగ్గింది. ప్రయత్నంలో లోపం లేనప్పుడు కూడా వేగం పెరిగేకొద్దీ కండరం ఇవ్వగల బలం తగ్గిపోతోంది.

ఎందుకు? హిల్ చెప్పిన కారణం తేలికగా అర్థమవుతుంది. నీళ్లలో గరిటె తిప్పడం సులువు, తేనెలో తిప్పడం కష్టం, వేగంగా తిప్పాలంటే మరీ కష్టం. కండరం లోపల కూడా అలాంటి చిక్కదనం ఉందని, వేగంగా ముడుచుకున్నప్పుడు బలంలో కొంత దాన్ని ఎదుర్కోవడానికే ఖర్చవుతోందని ఆయన భావించారు. కండరం సాగదీసి వదిలిన స్ప్రింగులాంటిది, దాని శక్తి ముందే నిర్ణయమైపోతుంది అన్నది ఆ సిద్ధాంతం సారాంశం.

తర్వాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరుగు వీరుల వేగాన్ని కూడా కొలిచారు. రన్నర్ ఒంటికి అయస్కాంతంగా మార్చిన ఉక్కు పట్టీ కట్టి, ట్రాక్ పక్కన వరసగా తీగ చుట్టలు అమర్చారు. మనిషి ఒక్కో చుట్టను దాటినప్పుడల్లా అందులో కరెంటు పుట్టేది. దాన్ని బట్టి ఎక్కడ వేగం పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నది తెలిసేది. ఆ ఫలితాలను కూడా హిల్ చిక్కదనం సిద్ధాంతంతోనే వివరించారు.

సొంత ల్యాబ్‌లోనే ఎదురుదెబ్బ

అప్పటికే ఆయన ప్రయోగశాలలో వాలెస్ ఫెన్ అనే అమెరికన్ యువకుడు పనిచేసి వెళ్లాడు. కప్ప కండరం బరువెత్తినప్పుడు మొత్తం ఎంత శక్తి విడుదలవుతోందో కొలవడం అతడి పని. గురువు చెప్పిన స్ప్రింగు సిద్ధాంతం నిజమైతే, కండరం కుంచించుకున్నా కుంచించుకోకపోయినా మొత్తం శక్తి ఒకటే ఉండాలి. కానీ అతడికి వచ్చిన లెక్క వేరు. కుంచించుకుని పని చేసినప్పుడు కండరం అదనంగా శక్తిని విడుదల చేస్తోంది. అంటే కండరం ముందే చుట్టిపెట్టిన స్ప్రింగు కాదు. ఎదురుగా ఉన్న బరువును బట్టి తన ఖర్చును అప్పటికప్పుడు మార్చుకునే సజీవ యంత్రం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గురువు నోబెల్ గ్రహీత. శిష్యుడు ఇంకా పేరులేని కుర్రాడు. ల్యాబ్ గురువుదే. ఆ ఫలితాలను పక్కన పెట్టించడం పెద్ద పని కాదు. అయినా 1923, 1924లలో అవి ఫెన్ ఒక్కడి పేరు మీదే వెలువడ్డాయి. శాస్త్రలోకం ఇప్పటికీ దాన్ని ఫెన్ ప్రభావం అనే పిలుస్తుంది.

అలాగని హిల్ వెంటనే మారిపోలేదు. చిక్కదనం ఆలోచన నుంచి బయటపడటానికి ఆయనకు చాలా ఏళ్లే పట్టింది. మనసు పడి కట్టుకున్న ఇల్లు ఎవరు మాత్రం తేలిగ్గా కూల్చుకుంటారు? కానీ కొలతలు మాత్రం ఆపలేదు. 1938లో మరింత చురుకైన పరికరాలతో కప్ప కండరాన్ని మళ్లీ పరీక్షించారు. బలానికీ వేగానికీ ఉన్న లంకెను ఒక చిన్న సమీకరణంగా రాశారు. పాత వివరణ పోయింది, కొత్త గీత మిగిలింది. ప్రపంచమంతా వైద్య, క్రీడా విద్యార్థులు ఈనాటికీ చదివే హిల్ వక్రరేఖ అదే.

దాన్ని మీ ఇంట్లోనే చూడొచ్చు. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను ఎత్తితే చటుక్కున లేస్తుంది. దాదాపు 30 కిలోల నిండు సిలిండర్ నిదానంగా లేస్తుంది. గోడను నెట్టితే కండరం గరిష్ఠ బలం పెడుతుంది, వేగం మాత్రం సున్నా. చేతిలో ఏమీ లేకుండా ఊపితే గరిష్ఠ వేగం, బలం దాదాపు సున్నా. ఈ రెంటి నడుమ ఎక్కడో, గరిష్ఠ బలంలో సుమారు మూడో వంతు దగ్గర, కండరం నుంచి అత్యధిక పవర్ వస్తుంది. దూకేవాళ్లకూ, విసిరేవాళ్లకూ, ఒక్క ఉదుటున పరుగు తీసేవాళ్లకూ కావాల్సింది అదే.

దీని వెనుక ఉన్న కారణం తర్వాతి తరాలకు తెలిసింది. కండరంలో కంటికి కనిపించని కొక్కేల్లాంటివి పక్కనున్న దారాలను పట్టి లాగుతుంటాయి. దారం నిదానంగా జరిగితే ఎక్కువ కొక్కేలు పట్టుకోగలవు. వేగంగా జరిగిపోతుంటే తక్కువ కొక్కేలకే పట్టు దొరుకుతుంది. అందుకే వేగం పెరిగితే బలం తగ్గుతుంది.

ల్యాబ్ బయట హిల్

హిల్ ల్యాబ్ నాలుగు గోడలకే పరిమితం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గణితం తెలిసినవారిని పోగుచేసి, శత్రు విమానాలు ఏ ఎత్తులో ఎగురుతున్నాయో లెక్కగట్టే బృందాన్ని నడిపారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీలో ఉద్యోగాలు పోగొట్టుకున్న శాస్త్రవేత్తలకు సాయం చేసే సంస్థ ఏర్పాటులో ముందున్నారు. అలా 1935లో ఆయన ల్యాబ్‌కు చేరుకున్న బెర్నార్డ్ కాట్జ్ 1970లో నోబెల్ అందుకున్నారు.

మన దేశంతోనూ ఆయనకు సంబంధం ఉంది. 1943 చివర్లో ప్రభుత్వ ఆహ్వానంపై భారత్‌కు వచ్చి, కొన్ని నెలలపాటు పరిశోధన సంస్థలను చూసి నివేదిక ఇచ్చారు. అత్యున్నత స్థాయిలో వైద్య విద్య, పరిశోధన, చికిత్స ఒకేచోట జరిగే జాతీయ సంస్థ కావాలని గట్టిగా చెప్పినవారిలో ఆయన ఒకరు. ఆ ఆలోచన భోర్ కమిటీ నివేదికలోనూ చోటు చేసుకుని, 1956లో దిల్లీ ఎయిమ్స్‌గా రూపు దాల్చింది. మీరు మంగళగిరి ఎయిమ్స్‌కో, బీబీనగర్ ఎయిమ్స్‌కో వెళ్లినప్పుడు కప్ప కండరాన్ని కొలిచిన ఈ పెద్దాయనను ఒకసారి గుర్తు చేసుకోవచ్చు.

ఉద్యోగ విరమణ తర్వాత కూడా ప్రయోగాలు మానలేదు. 1938 నాటి తన లెక్కలో ఒక భాగం, కండరం కుంచించుకునేటప్పుడు వెలువడే వేడి బరువుతో సంబంధం లేకుండా ఒకేలా ఉంటుందన్న భాగం, సరికాదని 1964లో తానే తేల్చి ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు 78కి దగ్గరపడింది. పాతికేళ్ల కిందటి తన తప్పును తానే దిద్దుకున్నారు. 1977 జూన్ 3న, 90 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జిలో కన్నుమూశారు.

మీ ఇంటికి పనికొచ్చేది

హిల్ జిమ్ పద్ధతి ఏదీ రాయలేదు. ఆయన గీసిన గీతను బార్‌బెల్ దగ్గరికి తెచ్చింది తర్వాతివారే. 2010లో స్పెయిన్ పరిశోధకులు బెంచ్‌ప్రెస్‌లో బరువుకూ వేగానికీ లంకె ఎంత స్థిరంగా ఉంటుందో చూపించారు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగేంత బరువైతే బెంచ్‌ప్రెస్‌లో బార్ వేగం సెకనుకు సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లే. బస్కీలలో సుమారు 30 సెంటీమీటర్లు. కాబట్టి ప్రమాదకరమైన గరిష్ఠ బరువును పదేపదే ఎత్తి చూడకుండానే, తేలికపాటి బరువు వేగాన్ని బట్టి ఆ రోజు సత్తాను అంచనా వేయొచ్చు. రోజూ చకచకా లేచే 40 కిలోల బార్ ఇవాళ బద్ధకిస్తోందంటే, కాగితం మీద ఏమున్నా సరే బరువు తగ్గించాల్సిందే.

సెట్ ఎక్కడ ఆపాలన్నదీ వేగమే చెబుతుంది. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో యువకులు 8 వారాలు బస్కీలు తీశారు. ఒక బృందం వేగం 20 శాతం పడిపోగానే సెట్ ఆపేసింది. మరో బృందం 40 శాతం పడిపోయేదాకా లాగింది. మొదటి బృందం తీసిన బస్కీలు చాలా తక్కువ. అయినా బలం దాదాపు సమానంగా పెరిగింది, పైకి ఎగిరే సామర్థ్యం మరింత మెరుగుపడింది. కండ పరిమాణం మాత్రం రెండో బృందంలో ఎక్కువగా పెరిగింది. కాబట్టి మీ పిల్లల లక్ష్యం కండలా, ఆటా అన్నది ముందు తేల్చుకోండి. ఆటే అయితే, వణుకుతూ లాగే చివరి రెండు సార్లు వాళ్లకు పెద్దగా అక్కరలేదు.

ఖరీదైన పరికరం లేకపోయినా ఫర్వాలేదు. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. మొదటిసారీ చివరిసారీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కంటికి ఆనేంత ఉంటే సెట్ కాస్త ముందే ఆపాల్సింది. కొన్ని జాగ్రత్తలు మాత్రం మరవొద్దు.

వేగం పైకి లేచేటప్పుడే. కిందికి దిగేది అదుపుతో, నిదానంగా ఉండాలి.

ప్రతిసారీ పూర్తి ప్రయత్నంతో ఎత్తితేనే వేగానికి అర్థం ఉంటుంది. కావాలని నెమ్మదిగా ఎత్తితే ఆ కొలత దేనికీ పనికిరాదు.

కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు ముందు సరైన భంగిమ రావాలి. బరువూ, వేగమూ ఆ తర్వాతే.

మీ వేగాన్ని మీ నిన్నటి వేగంతోనే పోల్చుకోండి. పక్కవారితో కాదు.

గుండె జబ్బు, అధిక రక్తపోటు, కీళ్ల సమస్య ఉన్నవారు డాక్టరును అడగనిదే బరువుల జోలికి వెళ్లొద్దు.

ఇది పిల్లలకే కాదు, ఇంట్లో పెద్దవారికీ వర్తిస్తుంది. వయసు పైబడేకొద్దీ బలం కన్నా ముందు, బలాన్ని వేగంగా వాడే సత్తా తగ్గుతుంది. కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడానికి కావాల్సింది అదే. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోమనండి. పడిపోకుండా మీరు పక్కనే ఉండండి. అందుకు 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే కండర సామర్థ్యం తగ్గుతోందేమో చూపించుకోవాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సూచించింది.

ఈసారి మీ అమ్మాయో అబ్బాయో జిమ్ నుంచి వచ్చినప్పుడు ఎన్ని కిలోలు ఎత్తావని అడగకండి. చివరిసారి ఎంత వేగంగా లేచిందో అడగండి. కాగితం మీది అంకె కన్నా బార్ వేగమే నిజం చెబుతోందని అనిపిస్తే, అంకెను మార్చడానికి మొహమాటపడొద్దని చెప్పండి. నోబెల్ వచ్చిన మనిషే తన అంకెలను మార్చుకున్నారు మరి.